గాసి పీకిన ఫ్యూజు

డుంబ్రిగుడకు ఎగువన, కాఫీ తోటలు మొదలయ్యే చోట ఉన్న పనసగుడలో గాసి రాకను కోరుకునే ఇల్లు లేదు. గాసి అవసరం పడని ఇల్లు కూడా లేదు. సంతలో కొన్న ఛార్జరు సాకెట్‌లో నిలవకుండా జారిపోతున్నా, స్విచ్ నొక్కగానే లోపల చిటపటమని మెరిసినా, బోర్డు నుండి కాలిన వాసన వచ్చినా అతనికే కబురు వెళ్ళేది. అతడు వచ్చేవాడు. వస్తూనే తిట్టేవాడు. అలికిన నట్టింట్లోకి రబ్బరు చెప్పులతోనే నడిచేవాడు.

“సెప్పులిప్పు, గాసీ. నిన్ననే అలికినాను” అని ఇల్లాలు అంటే, “ఇప్పుతాను. నన్ను మోసుకెళ్ళడానికి నలుగురిని పిలిసి ఉంచు” అనేవాడు.

టెస్టర్ పెట్టి చూసి, మరలు విప్పి, సాకెట్‌ను చేతిలో బోర్లించేవాడు. గట్టిపడిన ఎర్రమట్టి పెళ్ళలు రాలేవి. “ఇది సాకెట్టా, సీమల పుట్టా?” అని అడిగేవాడు. జవాబు కోసం ఆగేవాడు కాదు. నల్లబడిన తీగ కొస కత్తిరించి, కొత్త సాకెట్ బిగించి, మంచినీళ్ళయినా తాగకుండా వెళ్ళిపోయేవాడు. ఇల్లాలు అతని అడుగుల మీద మళ్ళీ అలుక్కునేది.

వయసులో ఉన్నప్పుడు గాసి విశాఖపట్నంలో ఒక వైరింగు మేస్త్రి దగ్గర పని చేశాడు. అక్కడ తోటి పనివాడు ఒకడు తడి గోడకు ఆనుకొని, కేకైనా వేయకుండా, ఆ గోడకే అతుక్కుపోవడం కళ్ళారా చూశాడు. ఆపైన నగరంలో నిలవలేకపోయాడు. ఆ సంగతి అన్న సుక్రుకు తప్ప ఎవరికీ చెప్పలేదు. అతని నోట మంచి మాట రాకపోవడానికి అదే కారణమని అనుకోవడం సులువు. నిజానికి అతడు చిన్ననాటి నుండీ అంతే.

సాకెట్లలోకి మట్టి ఎలా వచ్చిందో చెప్పాలంటే ఆ ఊరి ఆనవాయితీ చెప్పాలి. భాద్రపదంలో కొర్రకొత్త పండుగ వస్తుంది. కొత్త కొర్రలు దేవతకు పెట్టి, ఊరంతా ఒకే బంతిలో కూర్చుని తిన్న తరువాతనే ఎవరైనా ఇంట్లో కొత్త గింజ వండుకోవాలి. అంతకు ముందే మట్టి గోడలన్నింటికీ ఎర్రమట్టి పూత పడాలి. అరచేయంత చోటు కూడా వదలకూడదు. పూత పడని చోటును బోడి జాగా అంటారు. ఇంట్లో మనిషి పోతేనే, దినం అయ్యేవరకు, గోడ మీద బోడి జాగా ఉంచుతారు. బోడి జాగా చూసిన చుట్టం గుమ్మంలోనే నిలబడి, “ఎవరు?” అని అడుగుతాడు. అందువల్ల ఆ ఊరి ఆడవాళ్ళు స్విచ్ బోర్డు దగ్గరకు వచ్చి చేయి ఆపేవారు కాదు. తడి మట్టిగుడ్డతో బోర్డు చుట్టూ, బోర్డు అంచుల మీదా, ఒక్కొక్కసారి బోర్డు మీదా పూసేసేవారు.

ఊళ్ళో చాలామందికి సిమెంటు ఇళ్ళు వచ్చాయి. గాసికీ, అతని వదిన చిన్నమ్మలుకూ రాలేదు. రెండు భాగాలుగా చీలిన ఒకే పాత మట్టి ఇంట్లో, మధ్యన ఒక తడికెతో, వారు శత్రువులుగా జీవిస్తున్నారు.

ఆ వైరానికి మూలం బొగ్గుతో గీసిన ఒక గీత. సుక్రు జబ్బుపడి మంచాన ఉన్న ఏడు, పండుగ ముందు, గాసి అన్నగారి ఇంట్లో బోర్డు బాగుచేసి, దాని చుట్టూ బొగ్గుముక్కతో నలుచదరంగా గీత గీశాడు. “ఈ గీత లోపల మట్టి పడ్డాదంటే మీరందరూ సస్తారు” అన్నాడు. అంతకంటే మెత్తగా చెప్పడం అతనికి తెలియదు. సుక్రు భార్య వైపు చూసి, తమ్ముడు చెప్పినట్టు చేయమన్నాడు. ఆమె చేసింది. గోడంతా ఎర్రగా, నడుమ బోడి జాగాతో, పండుగ వచ్చింది. మిగిలిన కొర్రలు నూర్చక ముందే సుక్రు పోయాడు.

“మనిషి బతికుండగానే నా గోడ మీద సావు గీసినాడు” అని చిన్నమ్మలు శవం దగ్గర కూర్చుని అన్నది. అదే ఆమె గాసిని గురించి అన్న మాటలలో అన్నిటికంటే చిన్నది. ఆ మరుసటి పండుగకు గీత మీద, బోర్డు మీద, సాకెట్ రంధ్రాల మీద కసిగా మట్టి మెత్తింది. సుక్రు పోయిన నాటి నుండే అతనితో మాట్లాడటం మానేసింది. అతని చేయి తన బోర్డు మీద పడనివ్వలేదు. ప్లగ్గు వదులై జారిపోతుంటే సందులో వెదురుపుల్ల దూర్చి నిలబెట్టుకుంది.

అయితే మీటరు, మెయిన్, పింగాణీ ఫ్యూజులు గాసి వైపు వసారాలో ఉన్నాయి. తడికెకు అవతల మట్టి తొట్టె చప్పుడు వినగానే అతడు లేచి వదినగారి వైపు ఫ్యూజు పీకి జేబులో వేసుకునేవాడు. గోడ ఆరేవరకు తిరిగి పెట్టేవాడు కాదు. వానాకాలంలో గోడ ఆరడానికి ఎంత కాలం పడుతుందో ఎవరైనా ఊహించవచ్చు. ఎందుకు పీకాడో అతడు చెప్పడు, ఆమె అడగదు. పండుగ పూట వదినగారి ఇల్లు చీకటి చేసే మరిదిని గురించి ఊరు ఏమనుకోవాలో అదే అనుకుంది.

కిందటి ఏడు చిన్నమ్మలు ఊరి పెద్ద పోతురాజు నాయుడి ముందు నిలబడి ఫిర్యాదు చేసింది.

“పండగ పూట నా కొంపలో దీపం నేకుండా సేత్తన్నాడు, నాయుడా.”

“దీపం పోతే కిరసనాయిలు బుడ్డి ఎట్టుకుంటాది. పేనం పోతే ఏటెట్టుకుంటాదో అడుగు” అన్నాడు గాసి.

“ఇన్నేళ్ళు పూసినాను. ఏటైంది? సీమ కుట్టినట్టయినా అయ్యిందా?”

“నాను పీకబట్టే అవనేదు!”

“అదిగో, పీకినట్టు ఒప్పుకున్నాడు” అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. గాసి ఆ నవ్వినవారందరినీ పేరుపేరునా తిట్టాడు. దానితో అతని తరఫున మాట్లాడదలచినవారు కూడా ఊరుకున్నారు. పోతురాజు నాయుడు తీర్పు చెప్పాడు: ఇకమీదట గాసి ఆ ఫ్యూజు ముట్టుకుంటే కొర్రకొత్త బంతిలో అతనికి ఆకు వేయరు. ఆకు లేని మనిషి ఆ ఏడంతా ఊళ్ళో కొత్త గింజ ముట్టరాదు. ఊళ్ళో ఉంటూనే ఊరికి కాకుండా పోవడం అది.

ఈ ఏడు పండుగ దగ్గరపడే వేళకు చిన్నమ్మలు కూతురు గాయత్రి పురిటికి పుట్టింటికి వచ్చింది. వాన విడవకుండా కురుస్తోంది. కాలిన ప్లాస్టిక్కు వాసన తడికె సందులనుండి గాసి వసారాలోకి వస్తోంది. అతడు తడికె దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడు. అవతల తల్లీ కూతుళ్ళు తొట్టెలో మట్టి నానబెడుతున్నారు.

“గాయత్రీ, మీ అమ్మకు సెప్పు. పూత ఎప్పుడేస్తాదో ముందుగా నాకొక మాట సెప్పమను.”

చేయి చాస్తే అందేటంత దూరంలో ఉన్న చిన్నమ్మలు తల ఎత్తలేదు. “గాయత్రీ, ఆ మనిషికి సెప్పు. నా గోడకు నాను పూత పూసుకోడానికి ఎవడి సెలవూ అక్కర్నేదని.”

“ఆ సాకెట్టులో ఎదురుపుల్ల దూర్సినాదా, నేదా? అడుగు.”

“దూర్సినాను. పిలగ్గు జారిపోతే దూర్సినాను. అయితే ఏటంట?”

“ఏటా? దాన్తోనే కాలిపోతాది. అప్పుడు తెలుస్తాది.”

“ఇన్నావా గుంటా? నా సావు కోరుకుంటన్నాడు. అన్నను తినేసినాడు, సాలనేదు.”

“మీ ఇద్దరి మద్దెన నా సెవులు సిల్లులు పడతన్నాయి” అన్నది గాయత్రి, నడుము మీద చేయి వేసుకొని. “లోపలున్నోడు కూడా ఇంటన్నాడు. పుట్టగానే తిట్లతోనే మొదలెడతాడు.”

గాసి వెనుదిరిగాడు. “ఆ గోడ నువ్వు ముట్టుకోకు” అని మాత్రం గాయత్రితో అన్నాడు. అది కూడా అరిచే అన్నాడు.

మర్నాడు పొద్దెక్కాక తడికె అవతల తొట్టె చప్పుడైంది. గాసి మెయిన్ కింద ముక్కాలిపీట వేసుకొని కూర్చున్నాడు. తట్ట అల్లుతున్నట్టు వెదురు బద్దలు ఒడిలో పెట్టుకున్నాడు. ఒక్క బద్ద కూడా అల్లలేదు. గుడ్డ గోడ మీద రాసే చప్పుడు మూలనుండి మొదలై, తలుపు దాటి, బోర్డు వైపు జరుగుతోంది. లేచి ఆ ఫ్యూజు పీకితే ఆకు పోతుంది. పీకకపోతే ఏమవుతుందో విశాఖపట్నంలో చూశాడు. ‘పోనీ, ముసలిది తెలుసుకుంటాది’ అని ఒక మారు అనుకున్నాడు. అనుకున్నందుకు తననే తిట్టుకొని లేచాడు.

సరిగా అప్పుడే చిన్నమ్మలు గొంతు వినిపించింది. “భుజం లెగుత్తనేదు, తల్లీ.”

“ఆ పైదాకా నాను పూత్తాను, ఒగ్గీ” అన్నది గాయత్రి.

ఆ తరువాత కేక వినబడలేదు. తొట్టె దొర్లిన చప్పుడు వినబడింది. గాసి ఫ్యూజు పీకాడు. పీకిన చేతితోనే తడికెను తోసుకొని వెళ్ళాడు.

“గాసీ! ఒరే గాసీ! గుంట ఏటైపోయిందో సూడరా!”

సుక్రు పోయిన తరువాత చిన్నమ్మలు అతనితో నేరుగా అన్న మొదటి మాట అది. గాయత్రి వెనకకు విసిరివేసినట్టు గోడకు దూరంగా తడి నేల మీద కూర్చుని ఉంది. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకొని, దాన్ని ఎవరిదో వస్తువును చూసినట్టు చూస్తోంది. పెదవులు తెల్లబడ్డాయి. కొంతసేపటికి, “సేతి యేళ్ళు తెలుత్తనేదమ్మా” అన్నది. మరికొంతసేపటికి తల్లి అరచేతిని లాక్కుని తన కడుపు మీద పెట్టుకుంది. “తన్నుతన్నాడు.”

చిన్నమ్మలు ఏడవలేదు. గాసి చేతిలోని ఫ్యూజు వైపు చూసింది.

గోల విని వచ్చిన పోతురాజు నాయుడు కూడా దానివైపే చూశాడు. వెనుక వానలో తడుస్తూ సగం ఊరు నిలబడి ఉంది.

“ముట్టుకోవద్దన్నాం కదా, గాసీ?”

గాసి నోరు తెరిచాడు. ఊరంతటికీ సరిపడే తిట్టు ఒకటి ఆ నోట తయారుగా ఉంది. అది బయటకు రాకముందే చిన్నమ్మలు లేచి అతని చేతిలోనుండి ఫ్యూజు లాక్కుంది.

“పీకింది నాను.”

“నువ్వా?”

“నానే. ఈ మనిషికంత గుండె ఎక్కడిది? నువ్వు ఆకు ఎయ్యనన్నావని పీట మీద కూకుని బద్దలు సూసుకుంటన్నాడు. నానే ఎల్లి పీకీసినాను. ఈడి సేతికిచ్చినాను. ఇంకేటి సూత్తన్నారు? ఆటో పిలవండి, గుంటను ఆసుపత్రికి తీసుకెళ్ళాల!”

అబద్ధమని అక్కడ తెలియనివారు లేరు. అయినా, ఫిర్యాదు చేసిన మనిషే అలా అన్న తరువాత తీర్పుకు పట్టు దొరకలేదు. పోతురాజు నాయుడు తువ్వాలుతో తల తుడుచుకొని ఆటో కోసం మనిషిని పంపాడు. ఆశా కార్యకర్త వచ్చింది. ఆటో ఎక్కేటప్పుడు గాయత్రి, “సిన్నాన్నా, ఆ బోర్డు సంగతి సూడు” అన్నది. చిన్నమ్మలు కాదనలేదు. ఔననలేదు.

గాసి అన్నగారి ఇంట్లో ఒంటరిగా మిగిలాడు. సుక్రు పోయాక అతడు ఆ గదిలో అడుగుపెట్టడం ఆ రోజే మొదలు. ఫ్యూజు లేకపోయినా టెస్టర్ పెట్టి ఒకటికి రెండుసార్లు చూసుకున్నాడు. బోర్డు మరల మీద మట్టి పేరుకుపోయి, వాటి తలలు దొరకలేదు. మేకుతో గీకి దొరకబుచ్చుకున్నాడు. మూత ఊడిరాగానే ఏటేటి పూత పొరలు పొరలుగా కనిపించింది. సాకెట్ ఒక వైపు కరిగి మైనంలా వంగింది. వెదురుపుల్ల బొగ్గయింది. ఫేజు తీగ తొడుగు పెళుసుబారి, వేలు తగలగానే రాలిపోయింది. “ముండా సాకెట్టు” అన్నాడు. వినేవారు లేని తిట్టు కనుక అది అంత బలంగా రాలేదు.

కాలిన తీగను మంచి రాగి కనబడే వరకు కత్తిరించాడు. సాకెట్ మార్చాడు. నొక్కితే కరకరమనే స్విచ్ కూడా మార్చాడు. పాత చెక్క బోర్డు తీసేసి, మట్టి దూరని ప్లాస్టిక్కు పెట్టె బిగించాడు. బిగించడానికి ముందు చుట్టూ ఉన్న తడి మట్టిని అరచేయి వెడల్పున గీకేశాడు. ఒక పొర, మరొక పొర. అడుగున నల్లని గీత బయటపడింది. తడిగుడ్డతో తుడవబోయి, తడి వద్దని గుర్తొచ్చి, చొక్కా అంచుతో రుద్దాడు. అది పూర్తిగా పోలేదు.

సాయంత్రం వాన తెరిపి ఇచ్చాక తల్లీ కూతుళ్ళు తిరిగి వచ్చారు. బిడ్డ గుండె చప్పుడు బాగుందని డాక్టరమ్మ చెప్పిందట. గాయత్రి వేళ్ళకూ స్పర్శ వచ్చింది. చిన్నమ్మలు గుమ్మంలోనే ఆగిపోయింది. గోడ నడుమ తెల్లని కొత్త పెట్టె. దాని చుట్టూ బోడి జాగా.

“ఏటిది?”

“బోర్డు.”

“దాని సుట్టూ ఏటని అడుగుతన్నాను. నిండు మనిషి ఇంట్లో ఉండగా మళ్ళీ గీసినావా?”

“గీయనేదు. గీకినాను. ఆడ మట్టి పడకూడదు.”

“పడాల! రేపు పండగ. ఈ గోడ సూసి ఎవరైనా, ఎవరు పోయినారని అడిగితే నానేటి సెప్పాల? పుట్టబోయేదాని పేరు సెప్పనా?”

“పూసుకో అయితే! పొద్దున్న సాలనేదు కదా, ఇంకోపాలి పూసుకో!”

“పో బయటకు!”

“పోతన్నాను!”

పోలేదు. ఆమెను ఆ బోర్డు దగ్గర వదలడానికి భయపడి గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆమె మట్టిగుడ్డ చేతికి తీసుకొని, గోడ దగ్గరకు వెళ్ళి, ఆ పెట్టె ముందు ఆగింది. కూతురి కుడిచేయి వైపు చూసింది. తన చేయి లేవలేదు. మట్టి పూయడమూ కుదరలేదు, పూయకుండా ఉండటమూ కుదరలేదు. గుడ్డనుండి ఎర్రనీరు ఆమె మోచేతి మీదుగా కారింది.

తరువాత ఆమె గుడ్డ తొట్టెలో పడేసి, పొయ్యి వెనుక వేలాడుతున్న పాత చేటను దింపింది. ఆ కొండల్లో వెదురు చేటలకు సందులు పూడేందుకు మట్టీ పేడా మెత్తడం మామూలే. ఆమె దానికి గోడ మట్టినే, గోడకు పూసినట్టే, అంచుల దాకా పూసింది. పొయ్యి సెగ మీద ఆరబెట్టింది. ఆరిన చేటను తెచ్చి పెట్టె మీద ఆనించి పట్టుకుంది. నల్లగీత, తెల్లని పెట్టె, బోడి జాగా అన్నీ దాని వెనక్కు పోయాయి. గోడంతా ఎర్రగా ఉంది.

తనకు తట్టనందుకు గాసికి ఒళ్ళు మండింది. “మేకు ఎక్కడ కొడతావు? పైన కొట్టకు, తీగ ఎల్తన్నాది. సంపేస్తావు.”

“నువ్వే కొట్టు మరి. ఊరికే మొరగడం కాదు.”

అతడు తీగ దారి చేత్తో తడిమి, పక్కగా మేకు దిగ్గొట్టాడు. ఆమె చేట తగిలించింది. వంకరగా ఉందని అతడు అన్నాడు. దాని వంక తన ఇష్టమని ఆమె అన్నది. అందరి ఇళ్ళలో సాకెట్ వాడాలంటే స్విచ్ వేస్తారని, ఇకమీదట తాను ముందు చేట దింపాలని గాయత్రి అన్నది. ఆమెను ఇద్దరూ కలిసి కసిరారు.

పొద్దున్న పూత సగంలో ఆగిపోవడంతో అవతలి గోడ ఇంకా మిగిలి ఉంది. గాసి తన వసారాకు వచ్చి, అలవాటు కొద్దీ మెయిన్ వైపు చూశాడు. వదినగారి వైపు ఫ్యూజు ఉండవలసిన చోటు ఖాళీగా ఉంది. పొద్దున్న అతని చేతిలోనుండి లాక్కున్నది ఆమె ఇంకా ఇవ్వలేదు. తడికె పక్కకు జరిగింది. చిన్నమ్మలు వచ్చి రొంటిలోనుండి ఫ్యూజు తీసింది.

“ఎట్టి సూపించు. దీపం ఎలగాల ముందు.”

అతడు పెట్టాడు. తడికె అవతల బల్బు వెలిగింది. “సిన్నాన్నా, మాడు వాసన నేదు!” అని గాయత్రి కేక వేసింది.

చిన్నమ్మలు ఆ వెలుతురును చూసింది. తరువాత ముందుకు వచ్చి, మెయిన్ మీదికి చేయి చాచింది.

“ఏటి సేత్తన్నావు?”

“అవతలి గోడ పుయ్యాల. నాయుడితో ఏటి సెప్పినాను? పీకేది నానని సెప్పినాను.”

“సెప్పులు ఏసుకో ముందు. తడి సేయి తుడుసుకో. అలగ కాదు, అంచు పట్టుకో. మెయిన్ కిందికి దించి పీకు. నీకు బుద్ధి ఎప్పుడొస్తాది?”

అతడు విప్పి ఇచ్చిన రబ్బరు చెప్పుల్లో ఆమె కాళ్ళు పెట్టింది. చీరకొంగుతో చేయి తుడుచుకుంది. మెయిన్ దించి, పింగాణీ ఫ్యూజును అంచు పట్టుకొని పీకింది. రొంటిలో దోపుకొని, అతని చెప్పులతోనే తడికె దాటి వెళ్ళింది. గుడ్డ గోడ మీద రాసే చప్పుడు మళ్ళీ మొదలైంది.

“గాయత్రీ” అని అవతలినుండి ఆమె గొంతు వినిపించింది, “ఆ మనిషికి సెప్పు. రేపు బంతిలో మీ నాన్న జాగాలో కూకోమను. ఆలీసం సేస్తే ఆకు గాలికి ఎగిరిపోద్ది.”

“సెప్పులిచ్చేకే వత్తానని సెప్పు” అన్నాడు గాసి.